ఫోటో తీసిందెవరు? మూలం ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నన్ను రెండు విషయాల మీద మాట్లాడమన్నారు. వికీపీడియాలో బొమ్మల లైసెన్సులు ఒకటి, వ్యాసాల తొలగింపు రెండోది. తెలుగు వికీపీడియా చర్చావేదిక అయిన మన రచ్చబండలో మాటా మాటా పెరిగేది ఎక్కువగా ఈ రెండిటి దగ్గరే. ఉత్సాహంగా వచ్చిన కొత్తవాళ్లు మనసు నొచ్చుకుని వెళ్లిపోయేది కూడా ఇక్కడేనని నా అనుభవం. నియమాలు ఎవరికి వారు చదువుకోవచ్చు, వాటిని ఇక్కడ చదివి వినిపించను. నా చేతుల మీదుగా జరిగిన రెండు సంగతులు చెబుతాను. మిగతాదంతా వాటి వెంటే వస్తుంది.

మొదటిది ఒక ఫోటో. మా పెదనాన్నగారింట్లో పాత ఆల్బం ఉండేది. అందులో మా ఊరి గుడి ముందు రథం నిలబెట్టి తీసిన నలుపు తెలుపు ఫోటో ఒకటుంది. ఆ రథం ఇప్పుడు లేదు. దాని చెక్కడం ఎలా ఉండేదో చెప్పే ఆనవాలు ఊరు మొత్తానికి ఆ ఫోటో ఒక్కటే. నేను దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేసి, మరకలు తుడిచి, అన్ని భాషల వికీపీడియాలూ వాడుకునే ఉమ్మడి బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించాను. కర్త ఎవరని అడిగిన చోట 'నా స్వంత కృతి' అని పెట్టాను. అబద్ధం చెబుతున్నానని అప్పుడు అనిపించలేదు. ఆల్బం మా ఇంటిది, స్కాన్ చేసింది నేను, ఇంకేం కావాలి అనుకున్నాను. పది రోజులకు దాని మీద తొలగింపు చర్చ మొదలైంది. ఎక్కడో వేరే దేశంలో ఉన్న మనిషి ఒకే ఒక ప్రశ్న వేశాడు. ఈ ఫోటో తీసిందెవరు? నా దగ్గర జవాబు లేదు. వారం గడిచింది, ఫోటో పోయింది.

చాలా బాధపడ్డాను. మా ఊరు గురించి ఏమీ తెలియని మనిషి మా రథాన్ని తీసేశాడని కోపం వచ్చింది. ఆరు నెలల పాటు ఒక్క ఫోటో కూడా ఎక్కించలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. నెమ్మదిగా ఆలోచిస్తే అందులో తప్పేమీ కనబడలేదు. మీకెవరో రాసిన ఉత్తరం మీ బీరువాలో ఉందనుకోండి. కాగితం మీదే. అందులోని రాత మాత్రం రాసినవారిది. ఫోటో కూడా అంతే. ప్రింటు మా పెదనాన్నగారిది, ఫోటో మీద హక్కు మామూలుగా తీసినవారిది. స్కాన్ చేసినందువల్ల ఆ హక్కు నాకు రాదు. మరకలు తుడిచినా రాదు.

ఇక్కడ మన చట్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ల ఇళ్లల్లో ఉన్న బొమ్మలకు ముందుగా వర్తించేది అదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచనల మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. మొదట అది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగిసిపోతుందనగా దాన్ని 60కి పెంచారు. దీని ప్రభావం మన దాకా ఎలా వచ్చిందో చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940 జనవరిలో పోయారు. ఆయన రచనల గడువు 1990తోనే అయిపోయింది, ఈ పెంపు వాటికి తగల్లేదు. తర్వాతి ఏడాది పోయిన రచయితల విషయంలో మాత్రం ఇంకో పదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఒక్క ఏడాది తేడా, పదేళ్ల నిరీక్షణ. అందుకే ఒక రచయిత గురించి రాసేటప్పుడు మరణించిన తేదీని సరిగ్గా పట్టుకోమని నేను పదే పదే చెబుతుంటాను. ఆ తేదీ తప్పయితే లైసెన్సు కూడా తప్పవుతుంది.

ఫోటోల లెక్క వేరు. 1957 చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తీసిన ఫోటోలకు పాత లెక్కే, నెగటివ్ తయారైనప్పటి నుంచి 50 ఏళ్లు. తీసినవారు ఎప్పుడు పోయారన్నది అక్కడ అడగక్కర్లేదు, ఎప్పుడు తీశారన్నదే ముఖ్యం. దీనికి తోడు అమెరికా చట్టం కూడా చూడాలి, కామన్స్ సర్వర్లు ఉన్నది అక్కడే కాబట్టి. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కు బతికి ఉన్న కృతులకు అమెరికాలో కూడా హక్కు వచ్చింది. అప్పటికే ఇక్కడ గడువు తీరిపోయినవాటికి రాలేదు. కాబట్టి 1946కు ముందు మన దేశంలో తీసిన ఫోటో అయితే రెండు చోట్లా నిశ్చింతగా ఉండొచ్చు.

మా రథం సంగతికి వస్తాను. రెండేళ్ల తర్వాత మా అన్నయ్య ఇల్లు సర్దుతూ ఫోన్ చేశాడు. ఆ ఫోటో ఆల్బం అట్టకు అతుక్కుపోయి ఉంటే జాగ్రత్తగా ఊడదీశాడట. ప్రింటు వెనక స్టూడియో ముద్ర, దాని కింద పెన్సిల్‌తో 1943 అని రాసి ఉన్నాయి. 1943కి 50 కలిపితే 1993. అంటే నేను మొదటిసారి ఎక్కించిన రోజుకే అది అందరిదీ అయిన ఫోటో. నేను వెనక్కి తిప్పి చూడలేదు. తొలగించమన్న మనిషికి చూసే వీలు లేదు. ఈసారి ముందు వైపు, వెనక వైపు రెండూ స్కాన్ చేసి, సరైన లైసెన్సు మూస, అంటే ముందే రాసి ఉంచిన నోటీసు, పెట్టి ఎక్కించాను. ఇప్పుడది మా ఊరి వ్యాసంలో ఉంది.

అప్పటి నుంచి ఎవరైనా పాత ఫోటో చూపిస్తే ముందు దాని వెనక వైపు చూడమంటాను. అట్టకు అతికించి ఉంటే పంటితో, గోరుతో లాగొద్దు. తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఫోటోల గురించి ఇంకొక్క విషయం. ఇది చాలామందికి తెలియదు, తెలిస్తే ఎంతో మేలు. మన చట్టంలో 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. మీ తాతగారు 1970లలో పట్నం వెళ్లి స్టూడియోలో డబ్బు కట్టి ఫోటో దిగారనుకోండి. హక్కు ఆయనది, ఆయన తర్వాత వారసులది. స్టూడియో మూతపడింది, ఫోటోగ్రాఫర్ ఎవరో తెలియదు అని ఆగిపోనక్కర్లేదు. వారసులందరూ కలిసి ఆ ఫోటోను స్వేచ్ఛా లైసెన్సు (ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి) కింద విడుదల చేస్తున్నామని మెయిల్ పంపితే సరిపోతుంది. మెయిళ్లు చూసే స్వచ్ఛంద బృందం కామన్స్‌కు ఉంది. ఒక రచయిత, ఒక నాటక కళాకారుడు, ఒక స్వాతంత్ర్య సమరయోధుడు, ఇలా ఎంతమంది వ్యాసాలు ముఖం లేకుండా ఉన్నాయి! వాళ్ల ఇళ్లల్లో గోడ మీద ఫ్రేము కట్టిన ఫోటో ఉంటుంది. అడిగేవాళ్లు కావాలి.

అడిగేటప్పుడు ఒక పొరపాటు మాత్రం చేయకండి. 'వికీపీడియాలో వాడుకోడానికి మాకు అభ్యంతరం లేదు' అని రాయించుకొస్తారు. అది చాలదు. కుటుంబం వాళ్లు ప్రేమతో ఇచ్చిన ఉత్తరాన్ని వెనక్కి పంపాలంటే నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ కారణం ఉంది. కామన్స్‌లో పెట్టిన బొమ్మను ఎవరైనా, ఎక్కడైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు, పేరు చెప్పి, లైసెన్సు పాటిస్తే చాలు. ఒక పల్లెటూరి స్కూలు టీచరు దాన్ని పాఠంలో పెట్టి జిరాక్స్ తీయొచ్చు. విజయవాడలో ఒక ప్రచురణకర్త పుస్తకంలో అచ్చు వేసి అమ్ముకోవచ్చు. నెట్ లేని చోటికి ఎవరో వికీపీడియా మొత్తాన్ని మెమరీ కార్డులో పట్టుకెళ్లొచ్చు. వాళ్లెవరో మనకు తెలియదు, వాళ్లు మన దగ్గరికి వచ్చి అడగరు. లైసెన్సు చూసి నమ్ముతారు. ఆ నమ్మకం వమ్ము కాకూడదు కాబట్టే 'వ్యాపారానికి వద్దు' అన్న షరతున్న బొమ్మలను కూడా కామన్స్ తీసుకోదు. కుటుంబానికి ఈ మాట ముందే, మెయిల్ రాయించక ముందే, స్పష్టంగా చెప్పండి. పుస్తకంలో అమ్ముకోవచ్చు అంటే కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి. అది వాళ్ల హక్కు. తెలియక ఇచ్చిన అనుమతి కన్నా తెలిసి కాదన్న మాట మంచిది.

వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న ఫోటో అందరిదీ కాదా అని. మంచి ప్రశ్న. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసినవాటికి అక్కడ కాపీరైటు ఉండదు. నాసా ఫోటోలు చూసి మనకీ అంతేననుకుంటాం. మన చట్టంలో ప్రభుత్వ కృతులకు కూడా కాపీరైటు ఉంది, ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు. ఆ సైటులో ప్రత్యేకంగా స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చి ఉంటే తప్ప తీసుకోకూడదు.

విగ్రహాల సంగతి మాత్రం మనకు అనుకూలం. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా పెట్టిన శిల్పాన్ని, భవనాన్ని ఎవరైనా ఫోటో తీసి ప్రచురించుకోవచ్చని 52వ సెక్షను చెబుతోంది. ట్యాంక్ బండ్ మీది విగ్రహాలన్నీ ధైర్యంగా తీసి పెట్టండి. ఫ్రాన్సులో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ వెసులుబాటు లేదు, అక్కడి కొత్త భవనాల ఫోటోలు కామన్స్‌లో నిలవడం కష్టం. కానీ మన దగ్గర కూడా గోడ మీది చిత్రాలకు, సినిమా ఫ్లెక్సీలకు ఈ మినహాయింపు వర్తించదు. విగ్రహం సరే, దాని వెనక గోడ మీద రంగులతో వేసిన బొమ్మ కాదు.

సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు కామన్స్‌లోకి వెళ్లవు. వాటిని మన తెలుగు వికీపీడియాలోనే అనుమతి లేకుండానే పరిమితంగా వాడుకునే 'సముచిత వినియోగం' కింద, చిన్న సైజులో, ఆ వ్యాసం కోసం మాత్రమే పెడతాం. 2007 మార్చిలో, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ చేసిన తీర్మానం దీనికి ఆధారం. అదే తీర్మానం ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని మనవాళ్లు తరచూ మర్చిపోతారు. బతికి ఉన్న ప్రముఖుల ఫోటోలకు ఈ వెసులుబాటు లేదు. ఎందుకంటే ఎవరో ఒకరు వెళ్లి కొత్త ఫోటో తీయగలరు. కాబట్టి ఫేస్‌బుక్‌లో దొరికిన హీరో ఫోటో వద్దు. సభలకు వెళ్లినప్పుడు ఫోన్ తీయండి. కొంచెం మసగ్గా వచ్చినా మీరు తీసిందే నిలుస్తుంది.

ఇక రెండో సంగతి. ఇది చెప్పడం నాకు ఇంకా కష్టం.

కొన్నేళ్ల కిందట ఒక కొత్త వాడుకరి పద్యనాటకాల నటుడి మీద వ్యాసం రాశాడు. ఆ నటుడు అతని తాతగారు. రాసిన తీరు మెచ్చుకోలుగా ఉంది, మూలాలు ఒక్కటీ లేవు. నేను నెట్‌లో పేరు వెతికాను, ఏమీ దొరకలేదు. తొలగింపు మూస పెట్టి, విషయ ప్రాముఖ్యత, అంటే విడిగా వ్యాసం ఉండదగినంత గుర్తింపు, లేదని రాశాను. అతనికి సందేశాలు రాసే చర్చ పేజీలో నా సొంత మాటల్లో ఏమీ రాయలేదు, మూస దానంతట అది పెట్టే సందేశాన్ని మాత్రమే వదిలాను. అతను ఒక్క వాక్యం రాశాడు, మా తాతగారిని మా జిల్లాలో అందరూ ఎరుగుదురు అని. ఇంకెవరూ చర్చలోకి రాలేదు. వారం తర్వాత వ్యాసం తొలగించారు. అతను మళ్లీ కనబడలేదు.

ఏడాది పైగా గడిచాక వేరే పని మీద వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918లో మొదలైన గ్రంథాలయం అది, పాత పత్రికలకు పెట్టింది పేరు. బైండు చేసిన ఒక వారపత్రిక తిప్పుతుంటే ఆ నటుడి ఫోటో కనబడింది. పేజీ నిండా వ్యాసం. ఏ ఊళ్లో పుట్టాడు, ఎవరి దగ్గర పద్యం నేర్చుకున్నాడు, ఏ వేషానికి పేరు పడ్డాడు, ఎక్కడ సన్మానం జరిగింది, అన్నీ ఉన్నాయి. అక్కడే కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. వికీపీడియాలో తొలగించిన పేజీ చెరిగిపోదు, నిర్వాహకులు తిరిగి తీసుకురాగలరు. అడిగి తెప్పించాను, మూలం చేర్చి, మెచ్చుకోళ్లు తీసేసి, శుభ్రంగా రాశాను. ఆ మనవడి చర్చ పేజీలో జరిగింది చెప్పి, క్షమించమని అడిగాను. జవాబు రాలేదు.

మూలం లేని వ్యాసాన్ని ఉంచేయాలని నేను అనడం లేదు. మూలాలు లేకపోతే వికీపీడియా నిలవదు. నేనంటున్నది ఏమిటంటే, నెట్‌లో దొరకలేదు అన్నంత మాత్రాన మూలం లేనట్టు కాదు, తెలుగు విషయంలో అయితే అసలే కాదు. ఇంగ్లీషులో వెతికినట్టు తెలుగులో వెతికితే దొరకదు. మన పాత పత్రికలు స్కాన్ చేసిన బొమ్మల రూపంలో ఉన్నాయి, అందులోని అక్షరాలు చాలావరకు గూగుల్‌కు అందవు. నెట్‌లోకి తొలి రోజుల్లోనే వచ్చిన పత్రికలు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడాయి, వాటిలో కూడా మామూలుగా వెతకలేం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునగారే, ఆ ఫాంట్లను, అంతటా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి చదువుకునేలా 'పద్మ' అనే ఉపకరణం తయారుచేశారు. అంటే ఈ ఇబ్బంది మన వికీ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఇక పేర్ల సంగతి. ఇంటిపేరు ముందు రాస్తారు, వెనక రాస్తారు, పొడి అక్షరాలతో సరిపెడతారు. అప్పారావు, అప్పా రావు, ఏ. అప్పారావు, ఇవన్నీ ఒకే మనిషి కావచ్చు. నాటక కళాకారులనైతే వేసిన వేషం పేరుతోనే పిలుస్తారు. నేను ఆ రోజు ఒకే రూపంలో ఒక్కసారి వెతికి వదిలేశాను.

ఇది మన ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించిన వ్యాసం ముసాయిదాను ఇంగ్లీషు వికీపీడియాలో 2018 మే నెలలో తిరస్కరించారు. ఆమె ప్రాముఖ్యతను చూపే మూలాలు చాలవన్నారు. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ ఆమె. ముసాయిదా చూసిన మనిషి తన ముందున్న మూలాలనే చూశాడు. ఆమె పని అప్పటికి 30 ఏళ్లుగా ప్రపంచంలో ఉంది. అంత పెద్ద భాషలో, అంతమంది వాడుకరులు ఉన్న చోటే ఇలా జరిగితే, మన బుర్రకథ కళాకారిణుల గురించి, జిల్లా పత్రికల్లో మాత్రమే పేరు వచ్చిన ఉపాధ్యాయుల గురించి ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

సొంత వ్యాపారం గురించి రాసుకున్న ప్రకటనలు, వార్తా సైటు నుంచి మక్కీకి మక్కీ దించినవి, అర్థం కాని యాంత్రికానువాదాలు, వీటి గురించి ఎక్కువ మాట్లాడను. వాటిని తీసేయడమే సరైనది. అందులోనూ కాపీ చేసిన పాఠ్యం విషయంలో ఆలస్యం వద్దు, అది ఇంకొకరి కష్టం. డబ్బు తీసుకుని రాసేవారు ఆ సంగతి బయటికి చెప్పాలని 2014 నుంచి ఫౌండేషన్ వాడుక నియమాల్లోనే ఉంది. అది చెప్పకుండా రాసేవారితో మొహమాటం అక్కర్లేదు.

మిగతా వ్యాసాల విషయంలో మాత్రం నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి చెబుతాను. తొలగింపు మూస పెట్టే ముందు పేరును కనీసం నాలుగు రూపాల్లో వెతుకుతాను. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న తెలుగు పుస్తకాలు చూస్తాను. చాలావాటిలో అక్షరాలు వెతకడానికి వీలుకాదు కాబట్టి విషయసూచిక పేజీలు కంటితో చదువుతాను. టైము పడుతుంది. ఒక్కో వ్యాసానికి ఒక్కోసారి సాయంత్రం మొత్తం పోతుంది. ఆ తర్వాత రాసినవారి చర్చ పేజీలో, మూసతో పాటు, నా మాటల్లో రాస్తాను. నమస్కారమండీ, మీ వ్యాసం చదివాను, ఫలానా విషయాలకు ఆధారం కావాలి, ఇంట్లో పాత పత్రికల కటింగులు, సన్మాన పత్రాలు, నాటక సమాజం సావనీర్లు ఉన్నాయేమో చూస్తారా అని. సన్మాన పత్రం దానంతట అది మూలం కాకపోవచ్చు. కానీ అందులో తేదీ ఉంటుంది. తేదీ దొరికితే ఆ వారం పత్రిక ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఇలా తేదీ పట్టుకుని వెతికి నేను నిలబెట్టిన వ్యాసాలు ఉన్నాయి. అప్పటికీ దొరక్కపోతే, తొలగించే బదులు వారి సొంత పేజీ కింద ఉండే వాడుకరి ఉపపేజీకి తరలిద్దామని చర్చలో అడుగుతాను. రాసినది వాళ్ల దగ్గరే ఉంటుంది, మూలం దొరికినప్పుడు తిరిగి తేవచ్చు.

చర్చలోకి మూడో మనిషి రావడం కూడా చాలా అవసరం. ఆ నటుడి వ్యాసం చర్చలో నేనొకణ్ణి, ఆ కుర్రవాడొకడు. ఇద్దరి మధ్య జరిగినదాన్ని ఏకాభిప్రాయం అనలేం. మీలో ఒక్కరు వచ్చి, ఈ పత్రికలో చూశారా అని అడిగి ఉంటే సరిపోయేది. రోజూ ఇటీవలి మార్పులు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, తొలగింపు చర్చలు చూసేవాళ్లు తక్కువ. వారానికి ఒక్క చర్చలో పాల్గొనండి. ఉంచాలి, తొలగించాలి అని ఒక్క ముక్క రాసి వదలకండి. ఎక్కడ వెతికారో రాయండి. తర్వాత వచ్చేవాళ్లు ఆ చోటు వదిలి ఇంకో చోట వెతుకుతారు.

కొమర్రాజు లక్ష్మణరావుగారు నూరేళ్ల కిందట తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మూడు సంపుటాలు తెచ్చి, పని సగంలో ఉండగానే 1923లో పోయారు. ఆయనకు వేలమంది సహాయకులు లేరు. మనకు ఉన్నారు, ఉండొచ్చు, వచ్చినవాళ్లను నిలుపుకుంటే.

సరే, ఇంక మాట్లాడను. పక్క గదిలో రెండు స్కానర్లు పెట్టారు. ఇళ్ల నుంచి పాత ఫోటోలు తెమ్మని ముందే చెప్పాం కాబట్టి తెచ్చినవాళ్లు ముందు రండి. ఫోటో ఎవరిది, ఎవరు తీయించారు, ఎప్పుడు తీయించారు, ఇంట్లో ఇంకెవరెవరు ఉన్నారు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. తెలియనిది ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయొద్దు. ఫోటోలు తేనివాళ్లకు తొలగింపు చర్చలో ఉన్న ఆరు వ్యాసాల జాబితా ఇస్తాను. మధ్యాహ్నం భోజనాల లోపు ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుని వెతుకుదాం.